అద్దె బండి... ఆరామాల దారి!

*థాయిలాండ్ వెళ్లి స్కూటర్ అద్దెకు తీసుకుని బంగారు బౌద్ధాలయాలు చుట్టొచ్చిన హైటెక్ సిటీ కుర్రకారు, ఇప్పుడు కొండాపూర్ సందులోంచే అలాంటి ప్రయాణానికి బయల్దేరుతోంది. ఈసారి గమ్యం ఫణిగిరి, నాగార్జునకొండ, తొట్లకొండ. అక్కడ బంగారు రేకులు, అద్దాల మెరుపులు ఉండవు. కానీ ఆ మెరుపులకు మూలమైన పనితనం పుట్టింది ఈ నేల మీదే.*

శనివారం తెల్లవారుజాము. ఐదు కావస్తోంది. కొండాపూర్‌లో పీజీ హాస్టళ్ల మధ్య ఇరుకు వీధి. ఇడ్లీ బండి దగ్గర అప్పుడే స్టవ్ వెలిగింది. సగం ఎత్తిన షట్టర్ ముందు స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నింటికీ నల్ల నంబరు ప్లేట్లే, వాటి మీద పసుపు అంకెలు. నైట్ షిఫ్ట్ దిగి మెడలో ఐడీ కార్డు తీయకుండానే వచ్చిందో అమ్మాయి. ఫోన్ కెమెరా ఆన్ చేసి బండి చుట్టూ తిరుగుతోంది. ముందు మడ్‌గార్డు మీది గీత, సైలెన్సర్ పక్కన సొట్ట, పగిలిన ఇండికేటర్ అంచు... ఒక్కటీ వదలకుండా వీడియో తీస్తోంది. రేపు రాత్రి బండి అప్పగించేటప్పుడు ‘ఇది మీరే చేశారు’ అనే మాట పడకుండా ఈ జాగ్రత్త.

‘‘అన్నా, పెట్రోలెంతుంది?’’

‘‘బంకు దాకా వస్తది మేడమ్. ఆడ ఫుల్ కొట్టించుకోండి.’’

హెల్మెట్లు రెండు. ఒకదాని పట్టీ వదులుగా ఉంది. మార్చమంటే లోపలికెళ్లి ఇంకోటి తెచ్చాడు. లైసెన్స్ ఫొటో తీసుకున్నాడు, డిపాజిట్ ఫోన్‌లోనే పడింది. వెనక కూర్చునే స్నేహితురాలు మ్యాప్‌లో వెళ్లాల్సిన చోటు కొట్టింది: ఫణిగిరి, నాగారం మండలం, సూర్యాపేట జిల్లా. అద్దెకిచ్చే కుర్రాడు తలెత్తి చూశాడు. ఈ వేళకు బయల్దేరేవాళ్లు మామూలుగా వికారాబాద్ కొండలనో, శ్రీశైలం అడవి అనో అంటారు. ఫణిగిరికి ఎందుకని అడగలేదు. ‘‘ఓఆర్‌ఆర్ మాత్రం ఎక్కకండి’’ అని హెచ్చరించి ఊరుకున్నాడు.

ఛియాంగ్ మాయ్ నేర్పిన అలవాటు

మన ఐటీ కారిడార్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా థాయిలాండ్ ముచ్చట ఒక్కసారైనా వినపడుతుంది. శంషాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. 2023 నవంబరులో మనవాళ్లకు వీసా మినహాయింపు ఇచ్చాక రద్దీ ఇంకా పెరిగింది. మొదటిసారి వెళ్లినవాళ్లు బ్యాంకాక్, పట్టాయాలతో సరిపెట్టుకుంటే, రెండోసారి వెళ్లేవాళ్లు ఉత్తరాన ఉన్న ఛియాంగ్ మాయ్‌కి వెళ్తున్నారు. దిగగానే చేసే పని స్కూటర్ అద్దెకు తీసుకోవడం.

దానికో కారణముంది. ఛియాంగ్ మాయ్‌లో ఆలయాలు అడుగడుగునా ఉంటాయి. టూరు బస్సు ఎక్కితే నాలుగు పెద్దవి చూపించి దింపేస్తుంది. బండి ఉంటే దారిలో తలుపు తీసి కనిపించిన ఏ విహారం ముందైనా ఆగొచ్చు. దోయి సుతేప్ కొండ మలుపులన్నీ ఎక్కి, పైన మూడు వందలకు పైగా మెట్లు ఎక్కితే బంగారు పూత పూసిన చైత్యం. ఆ మెట్లకు రెండు వైపులా కింద నుంచి పైదాకా సాగిన నాగులు. ఇంకా పైన ఛియాంగ్ రాయ్‌లో ‘తెల్ల గుడి’ వాట్ రోంగ్ ఖున్. ఛలెమ్‌ఛాయ్ కోసిత్‌పిపాట్ అనే చిత్రకారుడు పాత గుడిని తన సొంత డబ్బుతో తిరగకడుతూ 1997లో జనం కోసం తెరిచాడు. తెల్లటి గచ్చులో పొదిగిన అద్దం ముక్కలు ఎండలో కళ్లు చెదరగొడతాయి. పని ఇంకా సాగుతూనే ఉంది.

అలా తిరిగొచ్చినవాళ్లు ఫోన్ నిండా ఫొటోలు తెచ్చుకుంటారు. కొందరు మాత్రం ఒక ప్రశ్న కూడా తెచ్చుకుంటున్నారు. ఈ నాగులు, పద్మాలు, గొడుగులు, గంట ఆకారపు చైత్యాలు ఎక్కడివి? జవాబు కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో, హుస్సేనీ వాగు పక్కన తవ్వితే బయటపడిన స్తూపపు పలకల మీద ముచిలింద నాగరాజు పడగలు విప్పి ఉన్నాడు. ధ్యానంలో ఉన్న బుద్ధుడికి వాన తగలకుండా గొడుగు పట్టిన నాగరాజు కథ అది. ఆ పలకల వయసు రెండు వేల ఏళ్లకు పైమాటే. థాయిలాండ్, వియత్నాం, ఇండోనేషియాల్లో దొరికిన తొలినాటి కంచు బుద్ధుల మీద అమరావతి శైలి ఛాయలను పండితులు ఎప్పుడో గుర్తించారు. కృష్ణా తీరం నుంచి సింహళానికి, అక్కడి నుంచి సముద్రం మీదుగా తూర్పు దేశాలకు వెళ్లిన పనితనం అది. ఛియాంగ్ మాయ్ మెట్ల మీద ఫొటో దిగినవాళ్లకు ధూళికట్ట పేరైనా తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. మనం ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

మన ఆలయాలు ఎందుకు మెరవవు?

ఫణిగిరో, ఖమ్మం జిల్లా నేలకొండపల్లో వెళ్లినవాళ్లకు మొదట కలిగేది నిరాశే. ఇటుక దిబ్బ, నాలుగు రాతి స్తంభాలు, చుట్టూ ఇనుప కంచె. ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. ఇంతే కాదు. మనం చూస్తున్నది నగలన్నీ ఒలిచేశాక మిగిలిన ఒంటిని.

అమరావతి మహాచైత్యం సంగతే తీసుకుందాం. అండం చుట్టూ పాలనాటి సున్నపురాయి పలకలు, ఒక్కో పలక మీద జాతక కథలు, చుట్టూ పద్మాలతో నిండిన ప్రాకారం, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు, ద్వారాల దగ్గర సింహాలు. ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకున్న ఆ దిబ్బను 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించేటప్పుడు, రాయి కోసం తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చేసరికే చాలా పలకలు లేచిపోయాయి. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించుకున్నాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, వాటిలో పెద్ద భాగం ఓడెక్కి లండన్ వెళ్లింది. తర్వాత రాబర్ట్ సీవెల్ 1877లో తవ్వాడు. ఈ రోజు అమరావతి స్తూపం ముఖ్యంగా మూడు చోట్ల ఉంది: లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొంత అమరావతిలో. ఎక్కడికీ వెళ్లనిది పునాది ఒక్కటే. సున్నం బట్టీల్లో కాలి గోడలకు పూసిన సున్నమైపోయిన పలకలకు లెక్కే లేదు.

అయినా స్తూపం ఎలా ఉండేదో మనకు తెలుసు. దాన్ని చెక్కిన శిల్పులే మనకా మేలు చేసిపోయారు. స్తూపపు పలకల మీద స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. పూలదండలు, ఎగిరి వస్తున్న దేవతలు, గొడుగులు, ప్రదక్షిణం చేస్తున్న జనం, అంతా ఉంటుంది. అలాంటి ఒక్క పలక ముందు పది నిమిషాలు నిలబడితే, ఆ తర్వాత ఏ ఇటుక దిబ్బ ముందు నిలబడినా అది మెరుస్తుంది.

ఆ నగలు చేయించింది రాజులొక్కరే అనుకుంటే పొరపాటు. అమరావతి పలకల మీద దానం చేసినవాళ్ల పేర్లున్నాయి. అత్తరు వర్తకులు, గృహపతులు, భిక్షుణులు, వాళ్ల తల్లులు, కూతుళ్లు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చాడు. అమరావతి కళ నుంచి తీసుకున్న అదే పూర్ణఘటం ఇవాళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉంది. ఈ ఒక్క సంగతి పాఠ్యపుస్తకంలో పెడితే చాలనిపిస్తుంది నాకు.

> స్తూపం ముందు ఏం చూడాలి?
>
> అండం: అర్ధగోళాకారపు ప్రధాన భాగం. లోపల ధాతువులు ఉంచేవారు. మన దగ్గర కొన్ని స్తూపాల పునాదులు బండి చక్రంలా ఆకులు, కుండతో ఉంటాయి. మధ్యలో మట్టి నింపి ఇటుక ఆదా చేసేవారు. నాగార్జునకొండలో ఇవి బాగా కనిపిస్తాయి.
>
> ఆయక స్తంభాలు: నాలుగు దిక్కులా వేదికల మీద ఐదేసి. పుట్టుక, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ప్రవచనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులు. ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత ఇదే. సాంచీలో కనపడవు.
>
> హర్మిక, ఛత్రం: పైన చతురస్రపు కంచె, దాని మీద గొడుగు. మన దగ్గర దాదాపు ఎక్కడా మిగల్లేదు. పలకల మీది బొమ్మల్లోనే చూడాలి.
>
> ప్రదక్షిణ పథం: కుడిచేతి వైపు స్తూపం ఉండేలా నడవాలి. దిబ్బ మీదికి ఎక్కకూడదు.

రాయగిరి మీదుగా ఫణిగిరికి

హైటెక్ సిటీ నుంచి బండి మీద తూర్పుకు వెళ్లాలంటే మొదటి అడ్డంకి ఊరు దాటడమే. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మెహిదీపట్నం దగ్గర మొదలయ్యే పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీదా అంతే. కారులో వెళ్లేవాడు గచ్చిబౌలిలో ఎక్కి ఘట్‌కేసర్‌లో దిగుతాడు. స్కూటర్‌వాడు పంజాగుట్ట, సికింద్రాబాద్, ఉప్పల్ అన్నీ దాటాలి. అందుకే ఐదింటికే బయల్దేరడం. ఏడు దాటితే ఉప్పల్ కూడలిలోనే సగం ఉత్సాహం ఆవిరైపోతుంది.

ఘట్‌కేసర్ దాటాక వరంగల్ జాతీయ రహదారి. భువనగిరి కోట బండ ఎదురొస్తుంది. ఆ తర్వాత రాయగిరి. ఇక్కడ రెండు నిమిషాలు ఆగాలి. హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధుడు ఈ రాయగిరి రాయే. ఎన్టీఆర్ సంకల్పించిన ఆ ఏకశిలా విగ్రహాన్ని ఎస్.ఎం.గణపతి స్థపతి బృందం చెక్కింది. ఎత్తు సుమారు 18 మీటర్లు. 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుండగా ఒరిగి సాగర్‌లో మునిగిపోయింది. ఆ ప్రమాదంలో పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉన్న బుద్ధుణ్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. నెక్లెస్ రోడ్డులో ఐస్‌క్రీమ్ తింటూ దూరం నుంచి చూసే ఆ విగ్రహం, ఈ రాళ్లగుట్టల పక్కన నిలబడి తలచుకున్నప్పుడు వేరేగా కనిపిస్తుంది.

జనగామ నుంచి సూర్యాపేట వైపు తిరిగితే తిరుమలగిరి, ఆ తర్వాత ఫణిగిరి. ఊళ్లోకి మలుపు తిరిగాక వరి పొలాలు, పత్తి చేలు, వాటి వెనకాల ఒంటరిగా లేచిన కొండ. పైకి ఎక్కడం పెద్ద శ్రమ కాదు. పైన మహాస్తూపం పునాది, గుర్రపు నాడా ఆకారపు చైత్యగృహాలు, స్తంభాల మండపం, భిక్షువుల గదులు ఒకదాని పక్కన ఒకటి విచ్చుకుంటూ వస్తాయి. గదుల కొలతలు చూడండి. ఒక మనిషి చాప పరుచుకుని పడుకునేంత చోటు. కొండాపూర్ పీజీలో ఉండేవాళ్లు దాన్ని వెంటనే పోల్చుకుంటారు.

నిజాం కాలంలో పురావస్తు శాఖలో పనిచేసిన ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ 1941-44 మధ్య ఈ కొండను మొదట తవ్వారు. ఆ తర్వాత అరవై ఏళ్ల దాకా ఎవరికీ పట్టలేదు. 2001 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టాక దేశమంతా ఇటు తిరిగి చూసింది. కారణం తోరణం. సాంచీ తోరణాల ఫొటోలు మనందరికీ తెలుసు. దక్షిణాదిన అలాంటి రాతి తోరణం ఫణిగిరిలో దొరికింది. దూలానికి రెండు వైపులా బుద్ధుడి జీవిత ఘట్టాలు. బుద్ధుణ్ని పాదముద్రలతో, ఖాళీ సింహాసనంతో సూచించే పాత పద్ధతి, మనిషి రూపంలో చెక్కే కొత్త పద్ధతి రెండూ ఫణిగిరి శిల్పుల దగ్గర కనిపిస్తాయి. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆలోచన మారుతున్న సమయం ఆ రాతి మీద అలాగే నిలిచిపోయింది.

ఆ తోరణం దూలం 2023 జులైలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్లింది. ‘ట్రీ అండ్ సర్పెంట్’ పేరుతో తొలినాటి బౌద్ధ కళ మీద జరిగిన ఆ ప్రదర్శనలో అందరి కళ్లూ ఫణిగిరి మీద పడ్డాయి. ఆ తర్వాత ప్రదర్శన కొరియా రాజధాని సియోల్‌కు చేరింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు మ్యూజియంలో ‘తెలంగాణ’ అన్న పేరు చూసి ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు. గచ్చిబౌలి కుర్రకారుకు ఫణిగిరి పేరు ఎక్కువగా తెలిసింది కూడా అప్పటి నుంచే. మన ఊరి పక్కనున్నది న్యూయార్క్ వెళ్లొస్తేగానీ మనకు కనపడలేదు.

ఇక్కడ దొరికిన శాసనాల్లో నాకు బాగా నచ్చింది ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరానిది. ధర్మచక్రాన్ని నిలబెట్టించినవాడు ఆ రాజుగారి ప్రధాన వైద్యుడు. మందులిచ్చే మనిషి సంపాదించిన సొమ్ములో కొంత తీసి కొండ మీద చక్రం ఎత్తించాడు. 2024 మార్చిలో ఇదే కొండ మీద ఒక మట్టి కుండ బయటపడింది. లోపల 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివి. ఎవరు దాచారు? ఏ భయంతో దాచారు? ఎందుకు తిరిగి రాలేకపోయారు? కొండ మీద కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకు మించిన విషయం ఏముంటుంది!

ఓపిక ఉంటే చుట్టుపక్కల వర్ధమానుకోట, గాజులబండ కూడా చూడొచ్చు. అవి మ్యాప్‌లో సరిగ్గా దొరకవు. ఊళ్లో ఆగి టీ తాగి, ‘‘పాత బౌద్ధ దిబ్బ ఏడుందన్నా?’’ అని అడగాల్సిందే. బండి మీద వెళ్లడంలో అసలు సుఖం ఇదే. కారద్దాలు దించకుండా వెళ్లేవాడికి ఈ ఊళ్లు దారి చెప్పవు.

సాగర్: నీళ్ల కింద ఒక నగరం

రెండో దారి ఎల్బీనగర్, ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్. గేట్లు ఎత్తినప్పుడు ఊరంతా ఇటే వస్తుంది. డ్యాం చూసి, చేపలు తిని వెళ్లిపోతుంది. ఆ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉందన్నది గుర్తుంచుకునేవాళ్లు తక్కువ.

1926లో బయటి ప్రపంచానికి తెలిసిన ఆ లోయను పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ కొంత తవ్వాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాంకు పునాదిరాయి వేయడంతో గడువు ఇంకా దగ్గరపడింది. నీళ్లు వచ్చేలోగా లోయంతా తవ్వెయ్యాలి. ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఏకధాటిగా తవ్వింది. వందకు పైగా కట్టడాలు బయటపడ్డాయి. ముఖ్యమైన కొన్నింటిని ఇటుక ఇటుకకూ లెక్క రాసుకుని ఊడదీసి, కొండ మీదా, తూర్పు గట్టున అనుపులోనూ మళ్లీ కట్టారు. మిగిలినవి మునిగిపోయాయి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. లక్షల ఎకరాలకు అన్నం పెట్టిన ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ మునిగిన దాని విలువ తెలిసి బాధపడటం తప్పు కాదు.

ఆ లోయలోని శాసనాల నిండా స్త్రీలే. రాజులు వైదిక యాగాలు చేసుకుంటుంటే అంతఃపురం బౌద్ధానికి అండగా నిలిచింది. మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిశ్రీ, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి సింహళం నుంచి వచ్చిన ఆచార్యులకు అంకితమిచ్చింది. ఆ శాసనంలోనే కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన దేశాల పేర్లున్నాయి. సింహళంతో ఆ బంధం చాలాకాలం తెగలేదు. అక్కడి గడలాదేణియలో 1344 నాటి శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు మన ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, రెండంతస్తుల బుద్ధాలయాన్ని బాగుచేయించిన సంగతి చెబుతుంది. మన దగ్గర బౌద్ధం ఎప్పుడో అంతరించిందనుకునేవాళ్లు ఈ తేదీని ఒకసారి చూడాలి.

ఇప్పుడు సాగర్‌లో అందరి నోటా నలిగే పేరు బుద్ధవనం. 274 ఎకరాల్లో కట్టి 2022 మే 14న ప్రారంభించారు. అమరావతి స్తూపాన్ని తలపించేలా 21 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల వ్యాసంతో మహాస్తూపం, జాతక కథల ఉద్యానం, శ్రీలంక బహూకరించిన అవుకన బుద్ధుడి ప్రతిరూపం ఉన్నాయి. 2025 మే 12న, బుద్ధ పూర్ణిమ రోజున, మిస్ వరల్డ్ పోటీదార్లు వచ్చి వెళ్లాక రీల్స్ వెల్లువెత్తాయి. నగలన్నీ ఒంటి మీదున్న స్తూపం ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే బుద్ధవనమే తగిన చోటు. కానీ అక్కడితో ఆగిపోవద్దు. డ్యాం దాటి ఏపీ వైపు అనుపుకు బండి మీదే వెళ్లొచ్చు. మెట్ల వరసల రంగస్థలం, విహారాల గోడలు అక్కడున్నాయి. నాగార్జునకొండ దీవికి మాత్రం లాంచీయే దారి. 1966 నాటి మ్యూజియం అక్కడుంది. శుక్రవారం సెలవు. గాలి ఎక్కువగా ఉంటే లాంచీ కదలదు, కాబట్టి పొద్దున్నే ముందు దీవి, సాయంత్రం బుద్ధవనం అనుకుంటే మంచిది.

> బండి తీసుకునే ముందు...
>
> నల్ల ప్లేటు, పసుపు అంకెలు: కేంద్రం 1997లో తెచ్చిన అద్దె మోటార్‌సైకిల్ పథకం కింద లైసెన్సు ఉన్న బండికి ఇదే గుర్తు. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకివ్వడం చట్ట విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు తప్పదు.
>
> కాగితాలు: ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువు చూసుకోండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత కట్టాలో ముందే అడగండి.
>
> పెట్రోలు: స్కూటర్ ట్యాంకు ఐదు లీటర్ల పైచిలుకే. హైవే దిగేముందే నింపుకోవాలి.
>
> రాత్రి వద్దు: చిన్న చక్రాల బండి హైవే గుంతలకు ఆగదు. చీకటి పడేలోగా ఊరు చేరేలా బయల్దేరండి. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి.
>
> విదేశాల్లో: థాయిలాండ్ లాంటి చోట్ల నడపాలంటే ఇక్కడి ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఏడాది చెల్లుతుంది. అందులో ద్విచక్ర వాహనానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. కారు లైసెన్సుతో స్కూటర్ నడిపి కింద పడితే ప్రయాణ బీమా పైసా ఇవ్వకపోవచ్చు. డిపాజిట్‌గా పాస్‌పోర్టు ఇవ్వొద్దు.

రాత్రి రైలు, పొద్దున్నే సముద్రం

స్కూటర్ మీద బౌద్ధ యాత్రకు మన తెలుగు నేల మీద అన్నిటికన్నా అనువైన ఊరు విశాఖపట్నం. శుక్రవారం రాత్రి రైలెక్కి తెల్లారి దిగి, అక్కడే బండి అద్దెకు తీసుకుంటే భీమిలి బీచ్ రోడ్డు సిద్ధంగా ఉంటుంది. పదిహేను కిలోమీటర్లు పోగానే ఎడమవైపు కొండ మీద తొట్లకొండ. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుండగా కనపడిన ఈ ఆరామాన్ని 1988-93 మధ్య తవ్వారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు, భిక్షువుల గదులు, చైత్యాలు ఉన్నాయి. రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కొండ అంచున నిలబడితే ఓడలు కనపడతాయి. ఆ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. తిరిగి కట్టిన ఇక్కడి మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు ఒక పక్క కూలింది. తర్వాత బాగుచేశారు. పక్కనే బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ. ఒక పూటలో మూడూ చూడొచ్చు.

రెండో రోజు అనకాపల్లి దగ్గర శంకరం. బొజ్జన్నకొండ, లింగాలకొండ. ఇటుకతో కట్టినవే కాదు, కొండనే చెక్కి వరసలు వరసలుగా స్తూపాలు తీశారు. 1906-07లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. కనుమ పండగనాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇక్కడికొచ్చి, రాక్షసుడి బొజ్జ అని నమ్మి శిల మీద రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం ఉండేది. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సభ్యులు, పోలీసులు, పురావస్తు శాఖవాళ్లు ఊరూరా నచ్చజెప్పి మాన్పించారు. కోపంతో కాకుండా మాటలతో మాన్పించడం చాలా మంచి పని.

వచ్చేవాళ్లున్నారు... చూపించేవాళ్లేరీ?

బండి మీద వచ్చే కుర్రాళ్లను తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. రీల్స్ కోసం వస్తారని, స్తూపం ఎక్కి ఫొటోలు దిగుతారని. అలా చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు గట్టిగా చెప్పాల్సిందే. అయితే పొద్దున్నే లేచి, పొగ మింగి, నూరు నూటయాభై కిలోమీటర్లు వచ్చిన మనిషి ఏదో తెలుసుకోవాలనే వస్తాడు. ఆ మనిషికి మనం ఏం చూపిస్తున్నాం? చాలా చోట్ల తుప్పు పట్టిన నీలం బోర్డు, దాని మీద జరిమానా హెచ్చరిక. ఏ రాజు కాలమో, ఎవరు కట్టారో, ఏ పలక ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉందో తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు దొరకవు. ఆడపిల్లలు మంచినీళ్లు తాగడానికి వెనకాడతారు, ఎందుకంటే దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు. కోట్లు పెట్టి కొత్త స్తూపం కట్టగలిగిన ప్రభుత్వాలకు పాత స్తూపం దగ్గర ఇవి పెట్టడం కష్టం కాదు.

ఊరివాళ్లకూ ఇందులో ఆదాయం ఉంది. ఛియాంగ్ మాయ్‌లో కొండ దారి పొడవునా టీ కొట్లు, భోజనం, పంక్చర్ షాపులు, గైడ్లు, అన్నీ ఆ చుట్టుపక్కలవాళ్లవే. ఫణిగిరిలో చదువుకుని ఖాళీగా ఉన్న పదిమందికి శిక్షణ ఇచ్చి గైడ్లుగా నిలబెడితే శని, ఆదివారాలు వాళ్లకు చేతినిండా పని. పొలం పనికి వెళ్తూ చిన్నప్పటి నుంచి ఆ కొండను చూసినవాళ్లు చెప్పే తీరు, పుస్తకం చదివినవాడికి రాదు.

యాత్రికులకు నేనిచ్చే సలహా ఒకటే. దిబ్బకు వెళ్లేముందు మ్యూజియంకు వెళ్లండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో తెలంగాణ రాష్ట్ర మ్యూజియం ఉంది. ఈజిప్టు మమ్మీని చూసి వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్లే ఎక్కువ. దాన్ని దాటి బౌద్ధ గ్యాలరీ దాకా వెళ్లి, పద్మం రేకుల అంచులు, స్త్రీల చెవికమ్మలు, గుర్రం జీను మీది అల్లిక ఎలా చెక్కారో దగ్గరగా చూడండి. ఆ తర్వాతి వారం బండి తీసుకోండి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. ఎండాకాలంలో పదకొండు దాటితే ఫణిగిరి బండల మీద నిలబడలేరు, పైన నీడ తక్కువ.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఒకటే. న్యూయార్క్, సియోల్ జనం టికెట్ కొనుక్కుని చూసిన శిల్పాలకు ఫణిగిరి కొండ కిందే పూర్తిస్థాయి ప్రదర్శనశాల కట్టాలి. కాపలా, కెమెరాలు, బీమా, అన్నీ పెట్టి కట్టాలి. నాగారం, తిరుమలగిరి బడుల పిల్లలు మధ్యాహ్న భోజనం అయ్యాక ఆటోలో వెళ్లి చూసి, సాయంత్రం బెల్లు కొట్టేలోగా తిరిగి రాగలగాలి.